రీలు కడిగే ఇంట్లో గాలీ వెలుతురూ

(సింగపూరు తెలుగువారి రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



"ఫొటోలు కడిగించడం" అన్న మాట మీ ఇంట్లో ఆఖరుసారి ఎప్పుడు వినపడిందో గుర్తుందా? పెళ్ళో, అన్నప్రాశనో అయిపోయాక రీలు తీసుకెళ్ళి స్టూడియోలో ఇవ్వడం, నాలుగు రోజులాగి కవరు తెచ్చుకోవడం, తీరా చూస్తే సగం ఫొటోల్లో ఎవరో ఒకరు కళ్ళు మూసుకుని ఉండడం. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆ మాట మన ఇళ్ళలోంచి వెళ్ళిపోయింది. చిత్రమేమిటంటే, ఇప్పుడు మన పిల్లలే దాన్ని మళ్ళీ ఇంటికి తెస్తున్నారు. సిటీ హాల్ దగ్గర పెనిన్సులా షాపింగ్ సెంటర్లో పాత కెమెరాల దుకాణాల ముందు నిలబడి చూడండి, రీళ్ళు కొనేవాళ్ళలో కుర్రకారు చాలామంది కనిపిస్తారు. 2024లో పెంటాక్స్ కంపెనీ ఫిల్ము వేసుకునే కొత్త కెమెరాని మార్కెట్లోకి తెచ్చిందంటే ఈ సరదా ఎంతదాకా వచ్చిందో ఊహించుకోవచ్చు.

రీలు కొన్నాక కడిగించాలి కదా. ల్యాబులో ఇస్తే ప్రతి రీలుకీ ఖర్చు. దాంతో కాలేజీ పిల్లలు "ఇంట్లోనే కడుక్కుంటాం" అంటున్నారు. అక్కడ అమ్మానాన్నలకి భయం మొదలవుతుంది. "ఆ కెమికల్స్ ఇంట్లో పెట్టుకోవచ్చా? చిన్నది అన్నీ నోట్లో పెట్టుకుంటుంది. మా అత్తగారికి ఆయాసం." ఈ మధ్య ఇలాంటి ప్రశ్నలు నన్ను చాలామంది అడిగారు. వృత్తిరీత్యా నేను ఐటీ కన్సల్టెంటుని, డాక్టర్నీ కాదు, కెమిస్ట్రీ లెక్చరర్నీ కాదు. సెలవు రోజుల్లో నా రీళ్ళు నేనే కడుక్కుంటాను. సీసాల మీద ఏం రాసి ఉందో, ఎందుకు రాశారో తెలుసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఆ తెలుసుకున్నది ఇవాళ మీతో పంచుకుంటాను.

ముందుగా, రీలు కడగడమంటే ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్తాను. ఫిల్ము మీద జిలాటిన్ పొరలో వెండి లవణాల పలుకులు ఉంటాయి. వెలుతురు సోకిన పలుకుల్ని డెవలపర్ అనే ద్రావణం నల్లటి వెండిగా మారుస్తుంది. తరవాత స్టాప్ బాత్ అనే పలచటి ఆమ్లం డెవలపర్ పనిని ఆపేస్తుంది. ఆ తరవాత ఫిక్సర్, మన స్టూడియోల భాషలో హైపో, వెలుతురు సోకని వెండి లవణాల్ని కరిగించి తీసేస్తుంది. చివర్న మంచినీళ్ళతో కడిగి ఆరేయడమే. నలుపు తెలుపు ఫిల్ముకి మొత్తం అరగంట, ముప్పావుగంట పని.

ఇందులో చీకటి ఎంతసేపు కావాలి? ఇవాళ నేను చెప్పబోయే వాటిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. రీల్ని డబ్బాలోంచి తీసి, చక్రానికి చుట్టి, మూత బిగించే ట్యాంకులో పెట్టేదాకా మాత్రమే చీకటి కావాలి. చెయ్యి తిరిగితే ఐదు నిమిషాలు. ఆ ట్యాంకు మూత ఎలా చేస్తారంటే, నీళ్ళు లోపలికి పోతాయి, వెలుతురు పోదు. కాబట్టి కెమికల్స్ పోసే పనంతా పట్టపగలు, కిటికీ పక్కన, గాలి ఆడేచోట చేసుకోవచ్చు. చీకట్లో ఫిల్ము చుట్టండి, వెలుతురులో కెమికల్ పోయండి. ఈ రెంటినీ విడదీస్తే సగం ప్రమాదాలు అక్కడే ఆగిపోతాయి. చేతుల వరకే చీకటినిచ్చే నల్లసంచీ ఒకటి దొరుకుతుంది, ఛేంజింగ్ బ్యాగ్ అంటారు. అది ఉంటే ఐదు నిమిషాల చీకటి గది కూడా అక్కర్లేదు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మన హెచ్‌డీబీ ఇళ్ళలో ఒక గది ఉంది. బాంబ్ షెల్టర్. 1998 నుంచి కొత్తగా కట్టే ఇళ్ళన్నిటికీ ఇది ఉండాలని చట్టం. మందపాటి కాంక్రీటు గోడలు, ఇనప తలుపు, కిటికీ లేదు. మనవాళ్ళు అందులో బియ్యం బస్తాలూ, సూట్‌కేసులూ, పచ్చడి జాడీలూ పెట్టుకుంటారు. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళు ఆ గదిని చూడగానే "ఆహా, డార్క్‌రూమ్!" అనుకుంటారు. ఫిల్ము చుట్టుకోవడానికి అది నిజంగా బాగుంటుంది. ఆ తలుపు మూసుకుని అందులోనే కెమికల్స్ పొయ్యడం మాత్రం వద్దు. గాలి వచ్చిపోయే దారి అంతంతమాత్రమే. ఫిక్సర్ నుంచీ స్టాప్ బాత్ నుంచీ వచ్చే ఆవిర్లు ఎటూ పోవు, మన ఊపిరితిత్తుల్లోకి తప్ప. కిటికీ లేని బాత్‌రూముకీ ఇదే మాట. ఏసీ వేసుకున్నాం కదా అంటారేమో, మామూలు ఇంటి ఏసీ ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని లోపలికి తేదు.

ఇక కాగితం మీద ఫొటోలు వేసుకోవాలంటే కథ వేరు. అక్కడ ఎర్రలైటు కింద తెరిచిన ట్రేల పక్కన గంటల తరబడి నిలబడాలి. ఆవిరిని బయటికి లాగే ఫ్యాను, తాజా గాలి వచ్చే దారి, రెండూ లేకుండా ఆ పని ఇంట్లో మొదలుపెట్టకండి.

ఇప్పుడు అసలు కెమికల్స్ దగ్గరికి వద్దాం. ఏ రసాయనమైనా మన ఒంట్లోకి రావాలంటే దారులు మూడే. చర్మం, ఊపిరి, నోరు. కళ్ళని కూడా కలుపుకోండి. ఒక్కొక్క దారే చూద్దాం.

మొదట చర్మం. మా ఊళ్ళో స్టూడియో నడిపే ఒకాయన ఉండేవారు. ఆయన వేళ్ళ చివర్లు, గోళ్ళు ఎప్పుడూ గోధుమరంగులో ఉండేవి. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఉండేది. హైపో వల్ల అనేవారు. ఇప్పుడాలోచిస్తే అది డెవలపర్ పని అయ్యుండాలి. కొడాక్ డీ-76 గాని, ఇల్ఫర్డ్ ఐడీ-11 గాని, చాలా పేరున్న నలుపు తెలుపు డెవలపర్లలో రెండు పదార్థాలు ఉంటాయి, మెటాల్, హైడ్రోక్వినోన్. మెటాల్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే అది ఎలర్జీ తెప్పిస్తుంది. మొదటి రోజు ఏమీ అవదు. పదోసారీ అవదు. ఏళ్ళ తరబడి ఉత్త చేతుల్తో చేసినా కొందరికి ఏమీ అవదు. కొందరికి మాత్రం ఒకరోజు చేతులు ఎర్రబడి, దురద పుట్టి, పొక్కులు వస్తాయి. ఒకసారి ఒంటికి అది పడకపోవడం మొదలైతే ఇక సాధారణంగా జన్మంతా ఉంటుంది. ఆ తరవాత చుక్క తగిలినా చాలు. "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

హైడ్రోక్వినోన్ పేరు మీలో కొందరు విని ఉంటారు. మొహం తెల్లబడుతుందని అమ్మే కొన్ని క్రీముల్లో కలిపేది ఇదే. చాలా దేశాల్లో డాక్టరు చీటీ లేకుండా ఆ క్రీములు అమ్మకూడదు. దీని పొడి, ఆవిరి మధ్య ఏళ్ళకేళ్ళు పనిచేసిన ఫ్యాక్టరీ కార్మికుల కళ్ళలో నల్లగుడ్డు మీది పొర రంగు మారి, చూపు దెబ్బతిన్న సందర్భాలు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. నెలకి రెండు రీళ్ళు కడిగేవాళ్ళకి అంత భయం అక్కర్లేదు. గ్లవ్స్ మాత్రం అక్కర ఉంది. నైట్రైల్ గ్లవ్స్ అని అడగండి, ఫార్మసీల్లో దొరుకుతాయి. కలర్ ఫిల్ము డెవలపర్‌లో ఉండే సీడీ-4 అనే పదార్థం ఎలర్జీ విషయంలో మెటాల్‌కి తీసిపోదు. కాబట్టి కలర్ కడిగేవాళ్ళు గ్లవ్స్ లేకుండా అసలు మొదలుపెట్టకూడదు. గ్లవ్ చిరిగితే వెంటనే మార్చండి. గ్లవ్స్‌తోనే ఫోను ఎత్తడం, ఫ్రిజ్ తలుపు తియ్యడం చేస్తే గ్లవ్స్ వేసుకున్న లాభం పోయినట్టే.

రెండోది ఊపిరి. ఇక్కడ మూడు సందర్భాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, పొడి కలిపేటప్పుడు. డెవలపర్ పొడి పాకెట్లలో వస్తుంది, గోరువెచ్చటి నీళ్ళలో కలపాలి. ఆ ధూళి సన్నగా లేస్తుంది. కలిపేటప్పుడు మన ఇళ్ళలో నిరంతరం తిరిగే సీలింగ్ ఫ్యాన్ కాసేపు ఆపండి, కిటికీ తెరవండి, మంచి మాస్కు కట్టుకోండి, పాకెట్‌ని నీళ్ళకి దగ్గరగా దించి మెల్లగా వంచండి. ఇంట్లో పసిపిల్లలుంటే అసలు పొడి జోలికే పోకుండా ద్రవరూపంలో దొరికే డెవలపర్ కొనుక్కోవడం మేలు. ద్రవాల్లోనూ రోడినాల్ లాంటివి గాఢమైన క్షారాలు. కంట్లో పడితే చాలా ప్రమాదం. అందుకని కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి.

రెండో సందర్భం స్టాప్ బాత్. దీన్ని పాతకాలం వాళ్ళు ఎసిటిక్ ఆమ్లంతో చేసేవారు. పలచగా కలిపితే వెనిగర్ లాంటిదే. గాఢమైన గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం మాత్రం చర్మాన్ని కాలుస్తుంది, ఆవిరి ముక్కుని మండిస్తుంది, నిప్పు అంటుకుంటుంది కూడా. ఇంట్లో దాన్ని ఉంచుకోవాల్సిన అవసరమే లేదు. సిట్రిక్ ఆమ్లంతో చేసిన, వాసన లేని స్టాప్ బాత్ దుకాణాల్లో దొరుకుతుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆమ్లాలు తెప్పించుకునే ఆలోచన కూడా వద్దు. చర్మాన్ని కాల్చే రసాయనాల్ని విమానంలో ప్రయాణికుల సామానులో పెట్టనివ్వరు.

మూడోది ఫిక్సర్. ఫిక్సర్ దగ్గర ముక్కు మండించే ఘాటు ఒకటి వస్తుంది. అది సల్ఫర్ డయాక్సైడ్. ఆమ్లం ఎక్కువ కలిస్తే అది ఎక్కువ పుడుతుంది. ఆస్త్మా ఉన్నవాళ్ళకి ఇది కొద్దిగా తగిలినా దగ్గు, ఆయాసం రావచ్చు. ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దవాళ్ళున్నా, ఇన్‌హేలర్ వాడే పిల్లలున్నా వాళ్ళు ఇంట్లో లేని సమయం చూసుకోండి. సింగపూరులో మనకి ఇంకో సంగతి ఉంది. 2013లో, 2015లో పొగమంచులా కమ్మిన హేజ్ రోజులు గుర్తున్నాయా? అలాంటి రోజుల్లో కిటికీలన్నీ మూసుకుని కూర్చుంటాం. కిటికీ తెరవలేని రోజున రీలు కడగొద్దు. రీలు ఎక్కడికీ పోదు.

కలర్ కడిగేవాళ్ళకి ఇంకో మాట. కలర్ డెవలపర్ 38 డిగ్రీల వేడిలో పనిచెయ్యాలి. వేడెక్కినకొద్దీ ఆవిరి ఎక్కువ. బ్లిక్స్ అనే ద్రావణం పోసి ట్యాంకు మూసి ఊపితే లోపల వాయువు పుట్టి మూత ఎగిరిపోవచ్చు. అందుకని ఊపిన ప్రతిసారీ మూత కొద్దిగా వదులు చేసి గాలి వదలాలి, మొహం పక్కకి తిప్పుకోవాలి. పాతకాలపు కలర్ కిట్లలో చివర వాడే స్టెబిలైజర్‌లో ఫార్మాల్డిహైడ్ ఉండేది. దాన్ని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, మనుషులకి క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఎవరో అటక మీద నుంచి తీసిచ్చిన పాత కిట్లు ఉచితంగా వచ్చినా తీసుకోవద్దు.

మూడోది నోరు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే, ఎందుకంటే ఇది పిల్లల దారి. మన ఇళ్ళలో హార్లిక్స్ సీసా ఖాళీ అయితే పారెయ్యం. అందులో కందిపప్పో, కారమో పోస్తాం. కూల్‌డ్రింక్ సీసాలో మంచినీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెడతాం. అలవాటు మంచిదే. కెమికల్స్ విషయంలో మాత్రం ప్రాణాల మీదకి తెస్తుంది. డెవలపర్ కొత్తగా కలిపితే దాదాపు నీళ్ళలాగే ఉంటుంది, పాతబడితే టీ డికాషన్ లాగా ఉంటుంది. దాహం వేసినవాళ్ళు వాసన చూసి తాగరు. తినే వస్తువులు ఉండే సీసాల్లో ఎప్పుడూ కెమికల్స్ పొయ్యకండి. అందుకోసమే అమ్మే ముదురురంగు సీసాలు కొనండి. మీద పేరు, కలిపిన తేదీ తెలుగులో కూడా రాయండి. ఊరునుంచి వచ్చిన అమ్మమ్మకి ఇంగ్లీషు రాకపోవచ్చు. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా "ఇది ముట్టుకోవద్దు" అని సీసా చూపించి చెప్పండి. తరవాత తాళం వేసే అరలో పెట్టండి.

సింగపూరు కుళాయి నీళ్ళు మన వాతావరణానికి తగ్గట్టు 28, 30 డిగ్రీల దాకా ఉంటాయి. నలుపు తెలుపు డెవలపర్‌కి 20 డిగ్రీలు కావాలి. కాబట్టి ఐసు తప్పదు. ఐసుముక్కలు తీసి విడిగా ఒక ప్లాస్టిక్ టబ్బులో వేసి, ఆ నీళ్ళలో సీసాని నిలబెట్టండి. సీసానే ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టొద్దు. కొలత గ్లాసులు, గరాటు, థర్మామీటరు అన్నీ విడిగా ఉండాలి, మళ్ళీ వంటగదిలోకి రాకూడదు. పని జరుగుతున్నంతసేపూ అక్కడ టీ కప్పు కూడా పెట్టుకోకండి.

ఇప్పుడు కలపకూడని వాటి సంగతి. బాత్‌రూములో కడిగేవాళ్ళు పని అయ్యాక "కాస్త శుభ్రం చేద్దాం" అనుకుని టాయిలెట్ కడిగే యాసిడ్ పోస్తారు. ఫిక్సర్ మిగిలి ఉన్నచోట యాసిడ్ పడితే సల్ఫర్ డయాక్సైడ్ గుప్పుమని వస్తుంది. బట్టల బ్లీచు తెచ్చి పోసినా అంతే ప్రమాదం. బ్లీచు ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వస్తుంది. ఈ కాలపు ఫిక్సర్లలో ఉండే అమ్మోనియం లవణంతో కలిస్తే క్లోరమిన్ వాయువులు వస్తాయి. రెండూ ఊపిరితిత్తుల్ని కాల్చేవే. కాబట్టి ముందు బోలెడు మంచినీళ్ళు. ఆ పూటకి అంతే చాలు. ఇంకొకటి, ఫొటో ప్రింటులని తెల్లబరచడానికి వాడే పొటాషియం ఫెర్రిసైనైడ్ అనే ఎర్రటి పలుకులు ఉంటాయి. మామూలుగా వాడితే పెద్ద ప్రమాదం లేదు. గాఢమైన ఆమ్లం తగిలితే మాత్రం సైనైడ్ వాయువు పుట్టవచ్చు. ఆమ్లాన్ని పలచబరచాల్సి వస్తే నీళ్ళలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్ళు పొయ్యకూడదు. స్కూల్లో చదువుకున్నదే, చేతిలో సీసా ఉన్నప్పుడు గుర్తురావాలి.

ఇన్ని భయాలు చెప్పాను కాబట్టి ఒక సరదా విషయం కూడా చెప్తాను. కాఫీతో ఫిల్ము కడగొచ్చు. నవ్వకండి, నిజం. 1995లో అమెరికాలో రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఒక ప్రొఫెసరూ ఆయన విద్యార్థులూ ఇన్‌స్టెంట్ కాఫీ, చాకలి సోడా కలిపి డెవలపర్ తయారుచేశారు. తరవాత దానికి విటమిన్ సి కూడా కలిపారు. కెఫెనాల్ అంటారు. కాఫీలో ఉండే కెఫిక్ ఆమ్లం లాంటివి ఆ పని చేస్తాయి. మెటాల్ పడనివాళ్ళకి ఇది ఒక దారి. మంచి ఫిల్టర్ కాఫీ వృథా చెయ్యక్కర్లేదు, చవకరకం ఇన్‌స్టెంట్ పొడే బాగా పనిచేస్తుందంటారు. కానీ చాకలి సోడా కూడా గాఢమైన క్షారమే, కళ్ళద్దాలూ గ్లవ్స్ తప్పవు. చివర్న ఫిక్సర్ ఎలాగూ మామూలుదే కావాలి. "కాఫీయే కదా" అని పిల్లల చేతికి ఇవ్వకండి.

వాడేసిన ద్రావణాలు ఎక్కడ పోస్తాం? సింగపూరులో ఈ ప్రశ్నకి బరువెక్కువ. ఇక్కడ రెండు రకాల కాలవలున్నాయి. ఇంట్లో సింకు, టాయిలెట్ నీళ్ళు మురుగు గొట్టాల్లోంచి శుద్ధి కేంద్రాలకి పోతాయి. 2003 నుంచి అలా శుద్ధి చేసిన నీటినే ఇంకా వడపోసి నీవాటర్ పేరుతో మళ్ళీ వాడుకుంటున్నాం. బ్లాకు చుట్టూ ఉండే వాన కాలవల సంగతి వేరు. ఆ నీళ్ళు శుద్ధి కేంద్రానికి పోవు, చాలాచోట్ల రిజర్వాయర్లకి చేరతాయి. 2008లో మెరీనా బరాజ్ కట్టాక ఊరి నడిబొడ్డున పడే వాన కూడా తాగునీటి చెరువులోకే వస్తోంది. ఈ దేశపు నేలలో మూడింట రెండు వంతులు ఇప్పుడు అలా వాననీరు పట్టుకునే ప్రాంతమే. కాబట్టి కారిడార్ పక్కన కాలవలోకో, కింద గడ్డిలోకో ఒక్క చుక్క కూడా పొయ్యకూడదు. చెత్త వేసే చూట్‌లో ద్రవాలు పొయ్యడం కూడా వద్దు.

వాడిన ఫిక్సర్ సంగతి ప్రత్యేకం. ఫిల్ము మీంచి కరిగిన వెండి అందులో ఉంటుంది. వెండి నీటిలో బతికే జీవులకీ, మురుగుని శుద్ధిచేసే సూక్ష్మజీవులకీ మంచిది కాదు. అందుకే మురుగులోకి వదిలే వెండికి పరిశ్రమల విషయంలో ఇక్కడి ప్రభుత్వం పరిమితి పెట్టింది. ఇంట్లో కడిగే మనం చేయగలిగింది ఏమిటంటే, వాడిన ఫిక్సర్‌ని గట్టి మూత ఉన్న డబ్బాలో దాచి, ఫిల్ము కడిగే ల్యాబు ఏదైనా తీసుకుంటుందేమో అడగడం. పెద్ద ల్యాబులకి వెండి తీసే ఏర్పాట్లు ఉంటాయి. మన ఊళ్ళలో వాడిన హైపో, పాత ఎక్స్‌రే ఫిల్ములు కొనడానికి మనుషులు వచ్చేవాళ్ళు గుర్తుందా? ఆ వెండి కోసమే.

ఎక్స్‌రే అన్నాను కాబట్టి, నా అసలు బాధ ఇప్పుడు చెప్తాను. సరదాకి నెలకి రెండు రీళ్ళు కడిగే మనకంటే, రోజుకి వంద ఫిల్ములు కడిగి జీతం తీసుకునే మనిషికి ఈ విషయాలు ఎక్కువ తెలియాలి. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే డార్క్‌రూముల్లో పనిచేసేవాళ్ళకి తలనొప్పి, గొంతు మంట, నోటిపూత, దద్దుర్లు, ఆయాసం, గుండెదడ వస్తున్నాయని 1980లలో న్యూజిలాండ్‌లో మార్జొరీ గోర్డన్ అనే రేడియోగ్రాఫర్ బయటపెట్టారు. ఆమే ఆ జబ్బు బాధితురాలు. దానికి డార్క్‌రూమ్ డిసీజ్ అన్న పేరు వచ్చింది. యంత్రాల్లో వేడిగా తిరిగే డెవలపర్‌లో ఫిల్ముని గట్టిపరచడానికి గ్లూటరాల్డిహైడ్ కలిపేవారు. అది ఆస్త్మా తెప్పించగలదని వైద్యులు ఒప్పుకున్నారు. మిగతా లక్షణాలన్నిటికీ ఒకే కారణం ఉందా అన్నది తేలలేదు. కానీ గాలి సరిగ్గా ఆడని గదులూ, కారే గొట్టాలూ తగ్గినచోట బాధలు తగ్గాయి.

ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో అంతా డిజిటల్. ఇండియాలో చిన్న క్లినిక్కుల్లో, పళ్ళ డాక్టర్ల దగ్గర తడి ఫిల్ము ఇంకా పూర్తిగా పోలేదు. అక్కడి 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు ఎక్స్‌రే ఫిల్ము కడిగిన ద్రావణాన్ని పేరు పెట్టి మరీ చెప్పాయి. దాన్ని విడిగా పట్టి, శుద్ధి చేశాకే మురుగులో కలపాలి. మీ తమ్ముడో, మరదలో ఊళ్ళో క్లినిక్ నడుపుతుంటే, ఈసారి ఫోన్లో "ఆ చీకటి గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోందా? కుర్రాడికి గ్లవ్స్ కొన్నావా?" అని ఒక్క మాట అడగండి.

సింగపూరులోనూ ఇంకో చోట ఫిల్ము ఉంది. ఓడలు కట్టే యార్డుల్లో, జురాంగ్ వైపు పైపుల పనుల్లో వెల్డింగ్ అతుకు సరిగ్గా కుదిరిందా అని ఎక్స్‌రే, గామా కిరణాలతో ఫొటో తీస్తారు. ఆ ఫిల్ముని చాలాచోట్ల ఇప్పటికీ చేత్తో ముంచి కడుగుతారు. ఇలాంటి పనుల్లో మన తెలుగు కుర్రాళ్ళు కూడా ఉన్నారు. రేడియేషన్ గురించి వాళ్ళకి గట్టి శిక్షణ ఉంటుంది. అదే డార్క్‌రూములో చేతులు ముంచే ద్రావణం గురించి అంత శ్రద్ధ ఉండకపోవచ్చు. కిరణాలంటే భయపడినంతగా నీళ్ళలా కనిపించేదానికి ఎవరూ భయపడరు కదా.

ఇక్కడ చట్టం ఏం చెప్తుందో వాళ్ళకి తెలియాలి. సింగపూరులో 2006 నాటి పనిచోట భద్రత, ఆరోగ్య చట్టం ప్రకారం యజమాని తన మనుషుల్ని ఇలాంటి ప్రమాదాల నుంచి కాపాడాలి. ప్రతి ప్రమాదకర రసాయనానికీ సేఫ్టీ డేటా షీట్ అనే కాగితం ఉంటుంది. దాన్ని చూపించమని పనివాడు అడగవచ్చు. అందులో 16 భాగాలుంటాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి మాన్యువల్ మొత్తం చదివే ఓపిక ఉండదు, అందుకని నేను నాలుగు భాగాలు చూడమంటాను. రెండోది, ప్రమాదం ఏమిటి. నాలుగోది, ప్రథమ చికిత్స ఏమిటి. ఏడోది, ఎలా వాడాలి, ఎక్కడ పెట్టాలి. ఎనిమిదోది, ఏ గ్లవ్స్, ఏ మాస్కు. ఇంట్లో వాడేవాళ్ళు కూడా కంపెనీ పేరు, మందు పేరు కొట్టి ఆ కాగితం దించుకోవచ్చు, డబ్బులక్కర్లేదు. చిక్కల్లా అది ఇంగ్లీషులో ఉండడమే. ఆదివారం టెక్కా మార్కెట్ దగ్గరో, గుడి దగ్గరో యార్డులో పనిచేసే తెలుగు తమ్ముడెవరైనా కలిస్తే, "ఏం పని చేస్తావు బాబూ?" అని అడగండి. ఫిల్ము కడుగుతానంటే ఆ కాగితం తెమ్మని, పక్కన కూర్చుని పది నిమిషాలు తెలుగులో చెప్పండి. మన చదువులు ఆ పది నిమిషాలకి అక్కరకొస్తే చాలు.

చివరిగా, జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఏదైనా జరిగితే ఏం చెయ్యాలి? కంట్లో పడితే కాంటాక్టు లెన్సులు తీసేసి, రెప్పలు విప్పి పట్టుకుని, ధారగా పడే నీళ్ళ కింద కనీసం 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకోండి, కంగారులో రెండు నిమిషాలే పదిహేనులా అనిపిస్తాయి. తరవాత ఆసుపత్రికి వెళ్ళండి. చర్మం మీద పడితే తడిసిన బట్ట తీసేసి నీళ్ళతో బాగా కడగండి. ఆవిరి పీల్చి ఉక్కిరిబిక్కిరైతే ముందు ఆ మనిషిని బయటి గాలికి తీసుకురండి. మింగితే నోరు పుక్కిలింపించండి. వాంతి చేయించకండి. దిగేటప్పుడు కాల్చింది పైకి వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. ఉప్పునీళ్ళు, మజ్జిగ, చింతపండు వైద్యాలు వద్దు. 995కి ఫోన్ చేసి, ఆ సీసా కూడా ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. డాక్టరు ముందు అడిగేది అదే.

రీలు కడగడం మంచి సరదా. మా పిల్లల తరానికి ఓపిక నేర్పే పని కూడా. వద్దనకండి. అయితే మీ అబ్బాయి మొదటిసారి కడిగే రోజున మీరు పక్కన ఉండండి, కిటికీ మీరే తెరవండి, గ్లవ్స్ మీరే అందించండి. ట్యాంకులోంచి తడి ఫిల్ము బయటికి తీసి వెలుతురుకి పట్టి చూపిస్తాడు. అందులో చిన్న చిన్న బొమ్మలుగా మీరే ఉండొచ్చు.

ప్రశ్నలుంటే మన కార్యక్రమానికి రాయండి, తెలిసినవాటికి వచ్చేసారి జవాబు చెప్తాను. అందాకా సెలవు. నమస్కారం.